దిగిరాని షుగర్‌కి చేతిమీద సెన్సర్: చెన్నైలో ఫ్రీస్టైల్ లిబ్రే ఎంతవరకు పనికొస్తుంది

టైప్ 1 షుగర్ జబ్బు (రోజూ ఇన్సులిన్ వేయక తప్పనిది) ఉన్న పిల్ల ఇంట్లో గ్లూకోమీటర్ 286 చూపించిందంటే అది సగం సమాచారమే. పైకి పోతోందా, దిగుతోందా, రెండు గంటలుగా అక్కడే కూర్చుందా, ఆ అంకె చెప్పదు. తెలియక ఇన్సులిన్ రెండు యూనిట్లు ఎక్కువ వేస్తారు. మూడు గంటల తర్వాత 58. భయపడి గ్లూకోజు, పాలు, బిస్కెట్లు అన్నీ ఒక్కసారే పెడతారు. మళ్ళీ 310. తప్పు పిల్లదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు. చీకట్లో బండి నడిపినట్టు వాళ్ళ పరిస్థితి.

చేతికి అంటించుకునే లిబ్రే సెన్సర్ విలువంతా ఇక్కడే ఉంది. అది షుగర్ని ఒక్క పాయింటు కూడా తగ్గించదు. ఎప్పుడు లేచింది, ఎంత వేగంగా లేచింది, ఎప్పుడు దిగింది అన్నది గీత గీసి చూపిస్తుంది. ఎక్కువ షుగర్ అన్నిసార్లూ ఒకే జబ్బు కాదు, ఒక్కో గీతకి ఒక్కో కారణం ఉంటుంది. గీత చదవడం నేర్చుకున్నవాళ్ళకి ఈ ఖర్చు గిట్టుబాటవుతుంది. అంకె మాత్రమే చూసుకుని కంగారు పడేవాళ్ళకి సెన్సర్ ఆ కంగారుని ఇంకా పెంచుతుంది.

ఇక్కడ రాస్తున్నది మొదటి రకం లిబ్రే గురించి, అంటే ఫోన్‌ గానీ దాని రీడర్ (అంకె చూపే చిన్న పరికరం) గానీ దగ్గర పెట్టి స్కాన్ చేసేది. గుండ్రటి బిళ్ళ, పై చేతి వెనక భాగంలో అంటించుకోవాలి. దాని కింద సన్నని తీగ ఒకటి 5 మిల్లీమీటర్ల దాకా చర్మం కింద ఉంటుంది. అది చూసేది రక్తం కాదు, కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజు. 14 రోజులు పనిచేసి ఆగిపోతుంది. అంటించాక మొదటి రీడింగుకి గంటసేపు ఆగాలి. సెన్సర్ తనలో 8 గంటల లెక్క మాత్రమే దాచుకుంటుంది కాబట్టి రాత్రి 9కి స్కాన్ చేసి ఉదయం 7కి చూస్తే మధ్యలో రెండు గంటల గీత పోతుంది. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి తప్పకూడదు. 40 కంటే తక్కువైతే 'లో' అనీ, 500 దాటితే 'హై' అనీ చూపిస్తుంది.

అంటించే పద్ధతి పెట్టెలోని కాగితంలో బొమ్మలతో సహా ఉంటుంది. అందులో లేనిది మన ఇళ్ళలో ఉంది: కొబ్బరి నూనె. తలకి రాసిన నూనె చేతులకి, చేతుల నుంచి భుజానికి చేరుతుంది. శనివారం తలంటు పోసిన పిల్లకి ఆదివారం పొద్దున సెన్సర్ అంటిస్తే మంగళవారానికి అంచులు లేస్తాయి. అందుకే సెన్సర్ వేసే ముందురోజు నూనె ముట్టుకోవద్దు. మాయిశ్చరైజర్ లేని మామూలు సబ్బుతో ఆ చోటు కడిగి, తుడిచి, పెట్టెలో ఇచ్చే స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఆరకముందే అంటిస్తే సెన్సర్లు త్వరగా ఊడిపోతాయి. చెన్నైలో ఆగస్టు ఉక్కలో ఫ్యాను కింద కూర్చుని ఆరబెట్టుకోవాలి, బయట నుంచి వచ్చిన చెమటతో కాదు.

తర్వాత సెన్సర్ డబ్బా మీది కోడ్, అప్లికేటర్ (అంటించే సాధనం) మీది కోడ్ ఒకటేనా చూడాలి. అప్లికేటర్ మూత తిప్పి తీసి, రెంటి మీదా ఉన్న నల్ల గుర్తులు కలిపి, బల్ల మీద గట్టిగా కిందికంటా నొక్కి పైకి తీయాలి. ఇప్పుడు సూది బయటికి వచ్చి సిద్ధంగా ఉంటుంది, ఇక దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టి నొక్కకూడదు. కుట్లు ఉన్న చోటు, మచ్చలు, ఇన్సులిన్ పొడిచే చోటు వదిలేసి చేతి వెనక మెత్తటి భాగం మీద ఒక్క ఒత్తు. అంటుకున్నాక అంచుల చుట్టూ వేలితో ఒత్తాలి. పైన అదనంగా టేపు వేస్తే మధ్యలో ఉన్న చిన్న రంధ్రం మూసుకుపోకుండా చూసుకోవాలి. ఫోన్, రీడర్ రెండూ వాడాలనుకుంటే ముందు రీడర్‌తో మొదలుపెట్టి, ఆ గంటలోపే ఫోన్‌తో స్కాన్ చేయాలి. ఫోన్‌తోనే మొదలుపెట్టేస్తే ఆ 14 రోజులూ రీడర్ దాన్ని చదవదు. బడిలో ఫోన్ ఒప్పుకోని పిల్లలకి ఈ ఒక్క పొరపాటు చాలా ఇబ్బంది పెడుతుంది.

నీళ్ళ భయం అక్కర్లేదు, మీటరు లోతులో అరగంట వరకు తట్టుకుంటుంది. స్నానం మామూలే. ఎంఆర్ఐకి, సీటీకి, ఎక్స్‌రేకి వెళ్ళేముందు మాత్రం తీసేయాలని కంపెనీ చెబుతుంది. కాబట్టి అలాంటి పరీక్ష తేదీ ఉంటే అది అయ్యాకే కొత్తది వేయండి. లోకల్ ట్రైన్‌లో రద్దీ, భుజానికి వేలాడే బ్యాగు పట్టీ, ఇరుకు బాత్రూం తలుపు అంచు, ఈ మూడూ సెన్సర్‌కి శత్రువులు. బ్యాగు ఏ భుజాన వేస్తారో దానికి అవతలి చేతికి అంటించుకోవడం తేలికైన ఉపాయం. అంటు పదార్థం పడక ఎర్రటి దద్దుర్లు వచ్చేవాళ్ళు కొందరుంటారు. దురద రెండో సెన్సర్‌కి, మూడో సెన్సర్‌కి పెరుగుతూ పోతుంటే చర్మ వైద్యుడికి చూపించాలి, ఓర్చుకుని వాడకూడదు.

కచ్చితత్వం సంగతి. మొదటి రకం లిబ్రే రీడింగు వేలి రక్తంతో పోలిస్తే సగటున 11.4 శాతం తేడాగా ఉంటుందని పరీక్షల్లో తేలింది. అంటే 200 దగ్గర ఇరవై పైచిలుకు అటూ ఇటూ ఉండటం మామూలు. గ్లూకోమీటర్లకీ 100 పైన 15 శాతం దాకా తేడా అనుమతించారు, అదీ గుర్తుపెట్టుకోవాలి. రెండూ పక్కపక్కన పెట్టి "ఇది 212, అది 190, ఏది అబద్ధం?" అని బెంగపడితే లాభం లేదు. షుగర్ వేగంగా మారేటప్పుడు సెన్సర్ 5 నుంచి 10 నిమిషాలు వెనకబడుతుంది, ఆ కాస్త తేడా సహజం.

కానీ వేలు పొడవాల్సిందే అనే సందర్భాలున్నాయి. మొదటి 24 గంటల్లో అంకె మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. ఒంట్లో లక్షణం ఒకటి, సెన్సర్ అంకె ఇంకొకటి అయితే వేలు పొడవాలి. సెన్సర్ ఉన్న చేతి మీద పడుకుంటే ఒత్తిడికి ఉత్తుత్తి 'లో' (ఉండాల్సినదానికన్నా తక్కువ షుగర్) వస్తుంది. అర్ధరాత్రి 52 చూసి నిద్రలో ఉన్న పిల్లకి తియ్యటిది పెట్టేముందు, స్పృహ మామూలుగా ఉంటే, చేయి మార్చి పడుకోబెట్టి వేలు పొడిచి చూడండి. అన్నింటికన్నా ముఖ్యమైనది, లో వచ్చి 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చాక సెన్సర్ ఇంకా కాసేపు తక్కువే చూపిస్తుంది. అది చూసి మళ్ళీ ఇంకో 15, ఇంకో 15 ఇచ్చేస్తారు. గంట తర్వాత 280. ఎక్కువ షుగర్లలో చాలావాటి పుట్టుక ఇదే. ఇచ్చి, 15 నిమిషాలు ఆగి, వేలు పొడిచి, అప్పుడే రెండోసారి ఆలోచించాలి.

ఇక గీతల సంగతి. డబ్బు పెట్టేది దీనికోసమే కాబట్టి వివరంగా చూద్దాం. ముందు లెక్కకి ఒక మనిషిని అనుకుందాం: రోజు మొత్తం ఇన్సులిన్ 36 యూనిట్లు. మొదటి అంచనాకి వైద్యులు వాడే సూత్రాలు రెండు. 500ని 36తో భాగిస్తే దాదాపు 14, అంటే ఒక యూనిట్ 14 గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుంది. 1800ని 36తో భాగిస్తే 50, అంటే ఒక యూనిట్ షుగర్ని సుమారు 50 దించుతుంది. ఇవి త్వరగా పనిచేసే లిస్‌ప్రో, అస్పార్ట్ లాంటి వాటికి. రెగ్యులర్ ఇన్సులిన్‌కి 1800 బదులు 1500 వాడతారు. ఇవి ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాయి, అంతే. అసలు అంకెలు మీ డాక్టరు సరిచేస్తారు.

ఇడ్లీ తిన్న గంటకి 265, నాలుగు గంటలకి తనంతట తానే 125. ఇది కొండలాంటి గీత. ఇక్కడ డోసు సరిగ్గానే ఉంది, సమయం తప్పింది. ఇడ్లీ పిండి మెత్తగా రుబ్బి పులిసినది, కడుపులో చాలా త్వరగా కరుగుతుంది. ఇన్సులిన్ మొదలయ్యేలోపే షుగర్ కొండ ఎక్కేస్తుంది. సూది తినడానికి 15 నుంచి 20 నిమిషాల ముందుకి జరిపితే కొండ ఎత్తు తగ్గుతుంది. రెగ్యులర్ ఇన్సులిన్ అయితే 30 నిమిషాల ముందు. తినేముందే షుగర్ 80 దగ్గర ఉన్నా, పిల్ల తింటుందో లేదో నమ్మకం లేకపోయినా అంత ముందు వేయకూడదు. ఈ కొండని చూసి డోసు పెంచితే మాత్రం పదకొండింటికి బడిలో 'లో' వస్తుంది.

నాలుగు గంటలైనా 240 దగ్గరే నిలబడితే అది వేరే కథ. లెక్క తక్కువైంది. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. 200 గ్రాములనుకుని 56 గ్రాములకి 4 యూనిట్లు వేశారు. గరిటె ఎత్తుగా పడి అన్నం నిజానికి 270 గ్రాములైంది. 20 గ్రాములు లెక్కలోకి రాలేదు, అంటే దాదాపు 1.4 యూనిట్లు తక్కువ. 50తో గుణిస్తే 70 పాయింట్లు. 240లో ఆ 70 ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు కనబడుతుంది. అందుకే సెన్సర్‌తో పాటు వంటింట్లో డిజిటల్ త్రాసు ఒకటి కొనండి, దాని ధర సెన్సర్ ధరలో పదోవంతు కూడా ఉండదు. రెండు వారాలు తూచి వడ్డిస్తే తర్వాత కంటికే అలవాటవుతుంది.

బిరియానీ, పరోటా, నెయ్యి ఓడే పొంగల్ గీత మోసం చేస్తుంది. తిన్న రెండు గంటలకి 150, అందరికీ సంతోషం. రాత్రి పదకొండింటికి మెల్లగా మొదలై, రెండింటికి 270, తెల్లారేదాకా అక్కడే. కొవ్వు కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది, కొన్ని గంటలపాటు ఇన్సులిన్ పట్టుని కూడా తగ్గిస్తుంది. త్వరగా పనిచేసే ఇన్సులిన్ అప్పటికే నీరసించి ఉంటుంది. ఇన్సులిన్ పంపు ఉన్నవాళ్ళు భోజనానికి వేసే డోసుని, అంటే బోలస్‌ని సాగదీసి ఇచ్చుకుంటారు. ఇన్సులిన్ పెన్ను వాడేవాళ్ళు రెండు భాగాలుగా పొడుచుకోవచ్చు, కానీ ఏ భాగం ఎప్పుడు అన్నది మీ గీత ప్రింటు తీసి డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. రాత్రిపూట సొంత ప్రయోగాలు వద్దు.

పొద్దుటి షుగర్ దగ్గర తొందరపాటు ఎక్కువ. లేవగానే 230 ఉంటే బేసల్ (రోజంతా మెల్లగా పనిచేసే ఇన్సులిన్) పెంచేస్తారు. ముందు రాత్రి మూడింటి గీత చూడాలి. అర్ధరాత్రి నుంచి చదునుగా వచ్చి నాలుగు తర్వాత లేస్తే అది తెల్లవారుజామున ఒంట్లో పెరిగే హార్మోన్ల పని. పడుకున్నప్పటి నుంచీ నెమ్మదిగా ఎక్కుతూ వస్తే బేసల్ చాలట్లేదని అనుమానించాలి. రెండింటికో మూడింటికో 60కి దిగి లేచి ఉంటే బేసల్ పెంచడం ప్రమాదం. నాలుగో సంగతి మన చెన్నై ఇళ్ళది: కాఫీ. 100 మిల్లీలీటర్ల పాలలో 5 గ్రాముల పిండిపదార్థం, రెండు చెంచాల పంచదారలో ఇంకో 8 నుంచి 10. దవరాలో వచ్చే ఆ కాఫీ ఒక ఇడ్లీతో సమానం. దానికి ఇన్సులిన్ ఎవరూ వేయరు, ఎందుకంటే అది 'టిఫిన్' కాదు! ఆరున్నర కాఫీ తర్వాత ఏడున్నరకి గీత చూస్తే అంతా తెలిసిపోతుంది.

ఆఖరుది మొండి గీత. సరిచేసే డోసు వేశారు, రెండు గంటలైంది, 320 కదలదు. ఇక్కడ వెంటనే ఇంకో డోసు మీద డోసు వేయడమే పెద్ద తప్పు. మొదటిది ఇంకా రెండు మూడు గంటలు పనిచేస్తూనే ఉంటుంది, రెండూ కలిసి ఒక్కసారి దించేస్తాయి. ముందు ఇన్సులిన్ని అనుమానించాలి. వాడుకలో ఉన్న పెన్ను చాలారకాలకి 30 డిగ్రీల లోపు 28 రోజులే. మే నెలలో ఇక్కడ ఇంటి గదే ఆ గీత దాటుతుంది, స్కూటర్ డిక్కీ సంగతి చెప్పక్కర్లేదు. ఫ్రిజ్ తలుపులో ఉంచండి, ఫ్రీజర్‌ పెట్టెకి ఆనించవద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనబడినా పనికిరాదు, పారేయాలి. కొత్త పెన్ను తీస్తే గీత దిగిందంటే పాతది చెడిందని అర్థం.

ఇన్సులిన్ బాగుంటే పొడిచే చోటు చూడాలి. పొట్ట మీద వేళ్ళతో నెమ్మదిగా తడిమితే రబ్బరులా గట్టిగా ఉబ్బిన చోట్లు తగులుతాయి. నొప్పి లేదని పిల్లలు అక్కడే పొడుచుకుంటారు. అక్కడ వేసిన ఇన్సులిన్ ఎప్పుడు ఒంటికి పడుతుందో చెప్పలేం. ఆ చోటు కొన్ని నెలలు వదిలేయాలి, ప్రతి పోటుకి వేలి వెడల్పు దూరం జరగాలి. గట్టిపడిన చోటు వదిలి మంచి చోటికి మారినప్పుడు అదే డోసు ఎక్కువై లో రావచ్చు, డాక్టరుకి చెప్పి మారండి. పెన్ను పొడిచాక పదంకెలు లెక్కపెట్టి తీయడం, కొత్త సూది పెట్టినప్పుడల్లా 2 యూనిట్లు గాల్లోకి వదిలి చూడటం కూడా మర్చిపోయే పనులే. పంపు అయితే గొట్టం మడత పడిందేమో చూడాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటే జ్వరమో, ఇన్‌ఫెక్షనో, నెలసరో అయి ఉంటుంది.

ఈ మొండి గీత దగ్గరే లిబ్రే చేతులెత్తేస్తుంది. కీటోన్లని (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి రక్తంలో చేరే ఆమ్లాలు) అది చూడదు. షుగర్ 250 దాటి దిగకపోయినా, ఒంట్లో బాగోలేకపోయినా కీటోన్ పరీక్ష చేయాలి. రీడర్‌లో స్ట్రిప్పు పెట్టే చోటు ఉంది, కీటోన్ స్ట్రిప్పులు దానికి పనిచేస్తాయి, కానీ మెడికల్ షాపులో అప్పటికప్పుడు అడిగితే దొరుకుతాయనుకోవద్దు. ముందే చెప్పి తెప్పించుకోవాలి. కనీసం మూత్రంతో చూసే స్ట్రిప్పుల సీసా ఇంట్లో ఉండాలి. రక్తంలో కీటోన్లు 0.6 లోపు మామూలు, 1.5 దాటితే వెంటనే డాక్టరుకి ఫోన్, 3 దాటితే ఆలోచించకుండా ఆసుపత్రి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా లోతుగా ఊపిరి తీయడం ఉంటే అంకెలతో పని లేదు, బయలుదేరాలి. తినట్లేదు కదా అని బేసల్ ఆపేయడం ఎప్పుడూ చేయకూడదు.

ఇంకో పెద్ద లోటు, ఈ రకానికి అలారం లేదు. రాత్రి 50కి పడినా స్కాన్ చేసేదాకా గమ్మున ఉంటుంది. లిబ్రేలింక్‌అప్ యాప్‌లో ఇంకో 20 మంది దాకా చూడొచ్చు, కానీ పిల్ల స్కాన్ చేస్తేనే అమ్మ ఫోన్‌కి అంకె వస్తుంది. రాత్రి లోలు తెలియకుండా వచ్చేవాళ్ళకి ఇది చాలదు. తనంతట తానే నిమిషం నిమిషం ఫోన్‌కి పంపి అలారం మోగించే లిబ్రే 2 ప్లస్ రకం 15 రోజులు పనిచేస్తుంది. మీకు అది దొరికితే, మీ ఫోన్‌కి యాప్ సరిపోతే, పాతది కొనే అవసరం లేదు.

ధర ఒక సెన్సర్‌కి దాదాపు ఐదు వేలు. నెలకి రెండు, అంటే పదివేలు, ఇన్సులిన్ ఖర్చు కాక. చాలా ఇళ్ళకి ఇది మోయలేని బరువు, ఆ మాట దాచిపెట్టి ఎవరికీ సలహా ఇవ్వకూడదు. నెలనెలా కొనలేనివాళ్ళు మూడు నెలలకొకటి, డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రెండు వారాలకి వేసుకున్నా మేలే, కానీ ఆ 14 రోజులూ పథకం ప్రకారం వాడాలి.

మొదటి రెండు రోజులు ఏమీ మార్చవద్దు, మామూలుగా తిని గీత చూడండి. మూడు నుంచి ఐదో రోజు వరకు రాత్రి భోజనం ఏడులోపు, నూనె తక్కువగా ముగించి, పదకొండు నుంచి ఆరు దాకా గీత గమనించాలి. ఆ సమయంలో 30 పాయింట్లకి మించి ఎక్కడం గానీ దిగడం గానీ లేకపోతే బేసల్ దాదాపు సరిగ్గా ఉన్నట్టే. మూడు రాత్రులూ ఒకే మాట చెప్పాలి, ఒక్క రాత్రిని నమ్మవద్దు. ఆరు నుంచి పదో రోజు దాకా టిఫిన్ మీదే పని: అవే మూడు ఇడ్లీలు, అదే డోసు, ఒక రోజు 5 నిమిషాల ముందు, ఒక రోజు 15, ఒక రోజు 20. మిగతా రోజుల్లో మధ్యాహ్నం అన్నం తూచి తినడం, ఒక రాత్రి బిరియానీ. తిన్నది, గ్రాములు, యూనిట్లు, సమయం యాప్‌లోనే రాయండి, లేకపోతే పదిరోజుల తర్వాత ఆ కొండ ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

చివర్లో రిపోర్టులో ముందు చూడాల్సింది 70 నుంచి 180 మధ్య ఎంతసేపు ఉన్నారన్నది. 2019లో అంతర్జాతీయ నిపుణులు టైప్ 1లో చాలామందికి పెట్టిన లక్ష్యం 70 శాతం పైన, 70 కింద 4 శాతం లోపు, 54 కింద 1 శాతం లోపు, 250 పైన 5 శాతం లోపు. ఇప్పుడు 38 శాతం ఉన్న పిల్లని 70 అని తిట్టకండి. 5 శాతం పెరిగిందంటే రోజుకి 72 నిమిషాలు ఒంటికి ఊరట, అది నిజమైన లాభం. యాప్ చూపే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) అంచనా, ల్యాబ్ హెచ్‌బీఏ1సీ తేడాగా వస్తే, ముఖ్యంగా ఐరన్ లోపంతో రక్తహీనత ఉన్న ఆడపిల్లల్లో, ఆశ్చర్యపోనక్కర్లేదు. రెండూ డాక్టరు ముందు పెట్టండి.

పద్నాలుగో రోజు ఆగిపోయాక బిళ్ళని ఒక్కసారిగా లాగకూడదు. మొదట్లో వద్దన్న కొబ్బరి నూనె ఇప్పుడు అంచుల చుట్టూ రాసి పది నిమిషాలు ఆగితే నొప్పి లేకుండా ఊడి వస్తుంది. తర్వాతిది రెండో చేతికి.